సుమన ఒక్కచోట చేర్చిన పేర్లు

సుమన పుట్టింది, పెరిగింది, చదివింది అంతా సూరత్‌లోనే. ఆమె తండ్రి మార్కండేయ సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పడుచు వయసులో వచ్చి, పర్వత్ పాటియా పక్కన ఒక కార్ఖానాలో సాంచాలు నడిపాడు. మర మగ్గాన్ని సాంచా అనడం సిరిసిల్లలోనూ అంతే, సూరత్‌లోనూ అంతే. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ మాట్లాడుతూ పెరిగిన సుమనకు ఎవరి దగ్గర ఏ భాషలో మొదలుపెట్టాలో తడుముకోవాల్సిన పని లేదు. ఎంత తియ్యగా గుజరాతీ మాట్లాడినా, కోపం వస్తే మాత్రం సిరిసిల్ల భాషే బయటికొస్తుందని ఆమె భర్త ఓంప్రకాష్ నవ్వేవాడు. పెళ్లయ్యాక ఇద్దరూ తాపీ నది దాటి అమ్రోలిలో చిన్న ఫ్లాట్ తీసుకున్నారు. అతను అద్దకం మిల్లులో సూపర్వైజరు. ఆమె ఒక ట్రస్టు నడిపే విశ్వవిద్యాలయంలో ఉద్యోగి.

చాలాకాలం ఆమె అక్కడి కామర్స్ కాలేజీలో ఫీజుల కౌంటరు దగ్గర కూర్చుంది. గట్టిగా మాట్లాడే తండ్రులు, ఏడుపు ముఖంతో వచ్చే పిల్లలు, గడువు పెంచమని బతిమాలే తల్లులు, అందరూ ఆ కిటికీ ముందుకే వచ్చేవారు. ఎవరితోనూ గొడవ పడకుండా పంపించేదని ఆమెకు పేరు. ఆ పేరు వల్లే కొత్త పనికి ఆమెను పిలిచారు.

ఆ పని చెప్పుకోవడానికి తేలికే. విశ్వవిద్యాలయం కింద ఐదు కాలేజీలు. ఒక్కో కాలేజీ తన పాత విద్యార్థుల వివరాలు తన దగ్గరే దాచుకునేది. ఇంజనీరింగు వాళ్ల దగ్గర కంప్యూటర్లో ఉన్నాయి. ఫార్మసీ వాళ్లవి వాట్సాప్ గ్రూపుల్లో. లా కాలేజీవి చాలామటుకు ప్రిన్సిపాల్ ఫోనులో. ఎవరికి ఎవరు తెలుసో ఇంకొకరికి తెలియదు. ఒకసారి ఏమైందంటే, బట్టల మార్కెట్లో పెద్ద వ్యాపారి ఒకాయన, పూర్వం కామర్స్‌లో చదివి తర్వాత లా చదివినవాడు, తన దుకాణంలో కూర్చుని ఉండగా ఒకే రోజు మూడు కాలేజీల వాళ్లు విడివిడిగా విరాళానికి వచ్చారు. మూడోది ఆయన కూతురు చదివిన ఫార్మసీ. ముందు వాళ్లకు టీ ఇచ్చాడు, తర్వాత వాళ్లకు నీళ్లిచ్చాడు, మూడో వాళ్లను మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి, మీ ఇంట్లో మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా అని అడిగాడు. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఆ మాట ట్రస్టు దాకా పోయింది. అప్పుడే ఐదు కాలేజీలకూ కలిపి ఒకే డేటాబేస్ పెట్టాలని నిర్ణయించారు.

దాని బాధ్యత హేతల్‌బెన్‌ది. అహ్మదాబాద్‌లో ఒక ఆసుపత్రికి విరాళాలు సేకరించిన అనుభవం ఆవిడకుంది. మాట వేగం, నడక వేగం. మనిషి మంచిదే. మనం అడగకపోతే ఇచ్చేవాళ్లు ఇంకెవరికో ఇస్తారు, మన పిల్లలకు మాత్రం ఎవరూ ఇవ్వరు అనేది. కంప్యూటరు పని చేసే కంపెనీ వేరే ఉంది. కాలేజీల నుంచి వివరాలు తెప్పించే పని మాత్రం సుమనకు పడింది.

ఏ కాలేజీకి వెళ్లినా టీ ఇచ్చేవారు గానీ వివరాలు ఇచ్చేవారు కాదు. తమ దగ్గరి ఆసాములను మిగతా నాలుగు కాలేజీలు తన్నుకుపోతాయని ఇంజనీరింగు వాళ్ల భయం. ఎవరి నంబరైనా వాళ్ల అనుమతి లేకుండా ఇస్తే కేసవుతుందని లా వాళ్లు. సుమన వాదించలేదు. ఎవరి విద్యార్థి వాళ్ల విద్యార్థిగానే ఉంటాడని, ఆ కాలేజీని అడగకుండా ఇంకొకరు చెయ్యి చాపరని, వద్దన్నవాళ్ల జోలికి ఎవరూ పోరని ఓపిగ్గా చెప్పుకుంటూ వచ్చింది. ఎండాకాలం మొదట్లో మొదలుపెడితే వానలు పడేసరికి నాలుగు కాలేజీలు దారికొచ్చాయి. మిగిలింది సాయంత్రం కాలేజీ.

సాయంత్రం కాలేజీ రింగ్ రోడ్డుకు దగ్గర్లో ఒక పాత భవనంలో నడుస్తుంది. పగలు అందులో బడి. డ్యూటీ దిగిన సాంచా కార్మికులు, మార్కెట్ దుకాణాల్లో చీరలు మడతపెట్టే వాళ్లు, పార్సెళ్లు మోసేవాళ్లు వచ్చి బీయేనో బీకామో చదువుకుంటారు. చేరినవాళ్లలో చాలామంది మధ్యలోనే మానేస్తారు. పెళ్లో, అప్పో, ఊళ్లో చావో, షిఫ్టు మారడమో, ఏదో ఒకటి అడ్డమొస్తుంది. అక్కడి హెడ్ క్లర్కు శ్యాంసుందర్ కూడా ఒకప్పుడు సాంచా నడుపుతూ ఆ గదుల్లోనే చదివినవాడు. మార్కండేయకు పనిలో తోడుగా ఉన్నవాడు కనుక సుమన ఆయన్ని చిన్నప్పటి నుంచీ కాకా అనే పిలుస్తుంది.

ఆయన వివరాలు ఇవ్వనన్నాడు. కోపంగా అనలేదు.

"మా వాళ్లు ఇయ్యాల ఈ కార్ఖానల ఉంటరు, రేపు ఇంకో దాంట్ల ఉంటరు. ఇంజనీర్ల నడుమ, వకీళ్ల నడుమ వీళ్లను కలిపితే ఎవలు చూస్తరు బిడ్డా? పైసలు అడిగెతందుకు మాత్రం వీళ్లకే ముందు ఫోన్ జేస్తరు."

సుమన ఆయనతో రెండు మాటలు ఒప్పుకుంది. చదువు మధ్యలో మానేసినవాళ్లను కూడా పూర్వ విద్యార్థులుగానే లెక్కవేయాలన్నది మొదటిది. డిగ్రీ పట్టా ఉన్నవాళ్లే పూర్వ విద్యార్థులని పై ఆఫీసులో అప్పటికే రాసుకున్నారు. దాని మీద సుమన హేతల్‌బెన్‌తో నాలుగైదు సార్లు కూర్చుని, ఒక ఏడాది చదివినా చాలన్న దాకా తెచ్చింది. రెండోది, ఆ వివరాలు శ్యాంసుందర్ ఒకసారి కళ్లతో చూసి సరే అన్నాకే ఎవరికైనా మెసేజి గానీ ఫోను గానీ పోవాలని.

"నువ్వు సూసినంకనే కాకా. నా మాట," అంది.

ఆ మాట మీదే ఆయన ఇచ్చాడు.

దసరా ముందు శ్యాంసుందర్ తమ్ముడు పోయాడని కబురొస్తే ఆయన ఊరికి వెళ్లాడు. కర్మకాండలు ముగిశాక కూడా అక్కడి పంపకాల్లో చిక్కుకుని తిరిగి రావడం ఆలస్యమైంది. ఇక్కడ ట్రస్టు వాళ్లు దీపావళికి ముందే ఐదు కాలేజీల పూర్వ విద్యార్థుల పెద్ద సమ్మేళనం ప్రకటించాలన్నారు. అందరికీ మెసేజి పోవాలి, ఆ వెనకే విద్యార్థులతో ఫోన్లు చేయించాలి. సాయంత్రం కాలేజీ వాళ్లవి కూడా పంపనా అని హేతల్‌బెన్ అడిగింది. ఆగితే మమ్మల్ని పిలవలేదని రేపు వాళ్లే అంటారు కదా అంది. సుమన కాసేపు ఆలోచించింది. శ్యాంసుందర్‌కు ఫోను చేద్దామనుకుంది. చావింట్లో ఉన్న మనిషిని దీనికేం కదిలిస్తాం, మెసేజే కదా అనుకుని సరేనంది.

ఊరి నుంచి వచ్చి శ్యాంసుందర్ కాలేజీ తలుపు తీసిన మొదటి రోజే ఎల్లవ్వ ఆయన కోసం వచ్చింది.

ఎల్లవ్వ పర్వత్ పాటియాలో ఒంటరిగా ఉంటుంది. మార్కెట్ నుంచి తెచ్చిన చీరల మీద మెరుపు టిక్కీలు అంటించి తిరిగి ఇచ్చేస్తుంది. ఆమె కొడుకు చిరంజీవి సాంచా నడుపుతూ సాయంత్రం కాలేజీలో బీకాం రెండో ఏడు చదువుతుండగా, ఒక వానాకాలం కార్ఖానాలోకి నీళ్లొచ్చి కరెంటు షాక్‌తో చనిపోయాడు. అప్పటికి అతనికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. కొడుకు ఫోనును ఎల్లవ్వ ఇప్పటిదాకా తన దగ్గరే ఉంచుకుంది. అందులో బ్యాలెన్సు అయిపోతే తిండి మానేసైనా వేయించేది. మెసేజి ఆ ఫోనుకే వచ్చింది. పక్కింటి సమ్మక్క గుజరాతీ చదవగలదు. ప్రియమైన చిరంజీవి, నీ కాలేజీ నిన్ను మరిచిపోలేదు, సమ్మేళనానికి తప్పక రా, నీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ చదువుకోవడానికి చేతనైన సాయం చెయ్యి అని చదివి చెప్పింది. రెండు రోజుల తర్వాత ఎవరో అమ్మాయి ఫోను కూడా చేసింది.

శ్యాంసుందర్ సుమనను ఆఫీసు నుంచి పిలిపించాడు. జరిగింది చెప్పి, ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేదని సుమనకు అనిపించింది. ఇద్దరూ ఆటోలో ఎల్లవ్వ ఇంటికి బయల్దేరారు. దారి పొడుగునా ఆయన బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నపు ఎండ మెట్ల మీద పడుతోంది. ఎల్లవ్వ గది పైన. ఒక గోడకు ఆనించి చీరల కట్టలు, ఇంకో గోడకు చిరంజీవి పెళ్లినాటి ఫోటో. పని పక్కకు జరిపి ఇద్దరికీ చాప వేసింది. సుమన కూర్చోకుండానే, తప్పు నాదేనమ్మా, చూడకుండా పంపించినం, క్షమించు అని మొదలుపెట్టింది. ఎల్లవ్వ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మెసేజికి నాకేం బాధ లేదు బిడ్డా. చదువు సగంల ఇడిసిపెట్టి పోయిండు, మా పోరన్ని ఎవలు యాదికి ఉంచుకుంటరనుకున్న. కాలేజోళ్లు ఉంచుకున్నరని సమ్మక్క సదివి చెప్తే రెండుసార్లు సదివిచ్చుకున్న."

మళ్లీ తనే అంది.

"ఆ ఫోన్ జేసిన పిల్లే... చిరంజీవి భాయ్ ఉన్నడా అన్నది. లేడన్న. ఎప్పుడొస్తడు అన్నది. ఆ పిల్లకేం ఎర్క, మర్యాదగనే అడిగింది. ఏం చెప్పాలె చెప్పు? నాకు నోరు రాలే. పెట్టేసిన."

సుమన తల వంచుకుంది. ఇలాంటివి ఇంకెప్పుడూ జరగవని, ఈ రోజే ఆ పేరు తీసేయిస్తానని అంది. ఎల్లవ్వ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డట్టు చూసింది.

"తీసేసుడు ఎందుకు? నేను దానికి రాలే. రేషన్ కార్డుల తీసేసిన్రు, ఓట్ల తీసేసిన్రు. మీ తాన ఒక్కచోట ఉన్నడు. ఉండనీ. ఆ ఫోన్ జేసేటోళ్లకు జర చెప్పున్రి, అంతే."

కిందికి దిగాక శ్యాంసుందర్ మొదటిసారి సుమన ముఖంలోకి చూశాడు. రమ్మనంగనే వచ్చినవు, అది మంచిగైంది అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి సుమన అన్నం తినలేదు. భర్త ఎంత అడిగినా, తన మాట తనే తప్పానని తప్ప వేరే మాట చెప్పలేదు. మరునాడు కంపెనీ వాళ్లను కూర్చోబెట్టి రెండు మార్పులు అడిగింది. చనిపోయినవాళ్ల పేరు ఉండాలి, కానీ విరాళాల ఫోన్లకూ మెసేజిలకూ అది అందకూడదు. ఆ పేరు పక్కన ఇంటివాళ్లలో ఎవరితో మాట్లాడాలో, ఎందుకు మాట్లాడవచ్చో రాసే చోటుండాలి. వాళ్లు అది పెద్ద పనేం కాదన్నారు. అంత చిన్న పని ముందే తోచనందుకు ఆమెకు ఇంకా బాధేసింది.

హేతల్‌బెన్‌కు జరిగిందంతా చెప్పక తప్పలేదు. ఎల్లవ్వ మాటలు వింటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. అది నటన కాదు. కానీ మర్నాటికి ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. ఆ తల్లితో రెండు నిమిషాల వీడియో తీసి సమ్మేళనంలో చూపిస్తే, సాయంత్రం కాలేజీ పిల్లల స్కాలర్‌షిప్పులకు ఎవరూ కాదనరని అంది. దాతలకు పంపే పుస్తకంలో ఆమె ఫోటో వేద్దామంది. ఆ నిధి వస్తే చిరంజీవి లాంటి పిల్లలకే కదా అంది. అందులోనూ న్యాయం ఉంది. సుమన అందుకే కాదనలేక, అడిగి చూస్తానంది.

వీడియో సంగతి సుమన చెబుతుంటే ఎల్లవ్వ తన చేతిలో చీర కొంగు మీద టిక్కీలు అంటిస్తూనే ఉంది. తర్వాత చెప్పింది. చిరంజీవి భార్య తిరుమలకు రెండేళ్ల కింద మళ్లీ పెళ్లి చేసింది తనేనట. పిల్ల చిన్నది, ఇక్కడ తనతోపాటు టిక్కీలు అంటిస్తూ ఎన్నాళ్లుంటుందని తనే సంబంధం చూసి, తనే చీర పెట్టి పంపిందట. తిరుమల ఇప్పుడు బార్డోలీలో ఉంది. చక్కెర మిల్లులో పనిచేసే అతను, ఇద్దరూ బాగున్నారు, ఒక పాప.

"నా ఫోటో, మా పోరని ఫోటో అందరికి సూపిస్తే అది ఆడిదాక పోతది. ఆ పిలగాడు మంచోడే. గని అత్తింటోళ్లు ఉంటరు, చుట్టుపక్కలోళ్లు ఉంటరు. దాని సంసారంల నేను మన్ను పొయ్య బిడ్డా."

సుమన అక్కడి నుంచే ఆఫీసుకు వెళ్లింది. హేతల్‌బెన్ విని, పేర్లు మార్చి ముఖం కనిపించకుండా తీద్దామంది. బస్సెక్కితే బార్డోలీ గంట దూరం, మా వాళ్లలో ఏ గల్లీ మాటైనా అంతకంటే ముందే చేరుతుంది అని సుమన చెప్పింది. ఈ పనిలో నిన్ను పెట్టుకున్నది దాతలను తెచ్చేందుకే కదా అని హేతల్‌బెన్ కాస్త కటువుగా అంది. సుమన ఉద్యోగం కాంట్రాక్టుది, మార్చిలో మళ్లీ రాయించుకోవాలి. అయినా, "మీరు అడగమన్నారు, అడిగాను బెన్. ఆమె వద్దంది. మళ్లీ అడగను, ఇంకొకరిని పంపితే ఇల్లు చూపించను," అని గుజరాతీలోనే మెల్లగా చెప్పి లేచింది.

హేతల్‌బెన్ వారం రోజులు ఆమెతో పనికి మించి మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక ఉదయం తనే కుర్చీ లాక్కుని సుమన బల్ల దగ్గర కూర్చుని, ఆసుపత్రిలో ఉన్నప్పుడు మేము రోగుల ఫోటోలు అలాగే వేసేవాళ్లం, ఎవరూ వద్దని అనలేదు, వద్దనడానికి వాళ్లకు ధైర్యం లేదేమోనని ఇప్పుడు అనిపిస్తోంది అంది. ఇంటి మనిషి ఒప్పుకోకుండా ఎవరి కథా వాడకూడదని ఐదు కాలేజీలకూ కాగితం పంపింది.

సుమనకు ఆ మధ్యలో ఇంకో ఆలోచన తిరుగుతోంది. ఎల్లవ్వను సమ్మేళనానికి పిలవాలి. కానీ ఆ జనంలో ఆమె ఎవరితో కూర్చుంటుంది? చిరంజీవితో చదివిన వాళ్లు ఎవరైనా ఉంటే బాగుండు. శ్యాంసుందర్‌ను అడిగితే, ఆ బ్యాచీలో తన ఎరుకలో మిగిలింది సాంబయ్య ఒక్కడే, మిగతా వాళ్లు ఎటు పోయారో తెలియదన్నాడు. సుమన కొత్త డేటాబేస్‌లో వెతికింది. ఆ బ్యాచీ వాళ్లలో బీకాం అయ్యాక ఇద్దరు లా కాలేజీకి, ఒకతను కామర్స్ కాలేజీలో పీజీకి వెళ్లారు. ఆ కాలేజీల దగ్గర వాళ్ల కొత్త నంబర్లున్నాయి. ఐదు కాలేజీల పేర్లూ ఒక్కచోటికి రాకపోతే శ్యాంసుందర్‌కు వాళ్లు ఎప్పటికీ దొరికేవారు కాదు. ఆ మాట ఆయనే అన్నాడు, సుమన అనలేదు.

వాళ్లలో బిపిన్ అనే అతను ఇప్పుడు కోర్టులో వకీలు. చిరంజీవి పేరు చెప్పగానే, వాళ్ల అమ్మ బతికే ఉన్నారా, నేను తప్పకుండా వస్తాను అన్నాడు.

సమ్మేళనం ఆదివారం ఉదయం ఇంజనీరింగు కాలేజీ మైదానంలో జరిగింది. షామియానాలు, ఉపన్యాసాలు, పెద్దవాళ్లకు శాలువాలు. ఎల్లవ్వ సమ్మక్కను తోడు తెచ్చుకుంది. ఇంత మందిలో నాకేం పని అని గేటు దగ్గరే ఆగిపోతే, శ్యాంసుందర్ ఎదురువెళ్లి, వదినా రా అని వెంటబెట్టుకొచ్చాడు. సాంబయ్య, బిపిన్, ఇంకో ఇద్దరు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆమె రాగానే నలుగురూ లేచి నిలబడ్డారు. బిపిన్ వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

 భోజనాల దగ్గర సాంబయ్య మాట కదిలించాడు. షిఫ్టు దిగి వచ్చి చిరంజీవి చివరి బెంచీలో గోడకానుకుని నిద్రపోయేవాడట. మాస్టరు లేపబోతే, లెక్కలు మొదలుపెట్టినప్పుడు వాడే లేస్తాడు సార్ అని వీళ్లు అనేవాళ్లట. నిజంగానే లేచేవాడట. బిపిన్‌కు లెక్కలు వచ్చేవి కావు. పరీక్షల ముందు చిరంజీవి మార్కెట్ మెట్ల మీద కూర్చోబెట్టి నేర్పాడని, అది లేకపోతే తను బీకాం దాటేవాడు కాదని, నల్లకోటు వేసుకునేవాడు కాదని హిందీలో చెప్పాడు.

ఎల్లవ్వ తినడం ఆపేసి వింటోంది.

"మా ఇంట్ల ఎన్నడు చెప్పలే," అంది. "రాంగనే అన్నం తిని పండుకునేటోడు. లెక్కలు మంచిగొస్తయని నాకెర్కనే లేదు."

ఇంకా చెప్పమంది. వాళ్లు చెప్పారు. పరీక్ష ఫీజు కట్టే రోజు అందరూ కలిసి తాపీ ఒడ్డుకు పోవడం, పెళ్లి కుదిరిందని చెప్పడానికి అతను సిగ్గుపడి రెండు రోజులు క్లాసుకే రాకపోవడం. అది విని ఎల్లవ్వ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కాస్త దూరంలో నిలబడి హేతల్‌బెన్ ఇదంతా చూసింది. ఫోటోగ్రాఫరు అటు వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టి ఇంకోవైపు పంపించింది.

ఆ ఏడాది సాయంత్రం కాలేజీకి వచ్చిన విరాళాలు అనుకున్నంత లేవు. బిపిన్, అతని తోటి వకీళ్లు కొందరు కలిసి పిల్లల పరీక్ష ఫీజుల బాధ్యత తీసుకున్నారు, అంతవరకు నయం. మార్చిలో సుమన కాంట్రాక్టు మళ్లీ రాశారు. మెసేజిలు పంపే ముందు చూసే పని హేతల్‌బెన్ ఆమెకే అప్పజెప్పింది. సుమన ఇప్పుడు ఏ కాలేజీవైనా, ఆ కాలేజీ మనిషి పక్కన కూర్చుని చూసి సరేనన్నాకే పంపుతుంది. ఆలస్యమవుతుందని పైనుంచి మాటలు పడుతూనే ఉంటాయి. పడుతుంది.

చిరంజీవి ఫోను ఇంకా ఎల్లవ్వ దగ్గరే ఉంది. ఆదివారాలు అందులోంచి ఆమె బిపిన్‌కు చేస్తుంది. అతనికి తెలుగు రాదు, ఆమె హిందీ సగం తెలుగే. కోర్టు సెలవా, అన్నం తిన్నవా, పిల్లలు సదువుతున్నరా అని అడుగుతుంది. అతను అన్నిటికీ జవాబు చెబుతాడు.